మిద్దె మీద ఎన్ని కిలోవాట్లు: తొరపాడి ఇళ్లలో సోలార్ పరిమాణం, ఖర్చు

ఇంటి మిద్దె మీద సోలార్ ప్యానెళ్లు బిగించి, పగలు పుట్టిన కరెంటును ఇంట్లో వాడుకుని, మిగిలింది వీధి లైన్లోకి పంపే ఏర్పాటును రూఫ్‌టాప్ సోలార్ అంటారు. ప్యానెళ్లు, ఇన్వర్టర్, వాటిని మోసే ఇనుప చట్రం, వచ్చిపోయే కరెంటును రెండు వైపులా లెక్కపెట్టే నెట్ మీటరు దానికి ముఖ్యమైన అంగాలు. సామర్థ్యాన్ని కిలోవాట్లలో చెబుతారు. ఒక ఇంటికి ఎన్ని కిలోవాట్లు కావాలి, అందుకు ఎంత ఖర్చు పెట్టడం సబబు అన్న ప్రశ్నలను తమిళనాడులోని రాయవేలూరు (వేలూరు), అందులోని తొరపాడి, దాపునున్న గుడియాత్తం ఇళ్లకు అన్వయించి చూసే వ్యాసం ఇది.

తొరపాడి వేలూరు కోటకు దక్షిణాన, బాగాయం వెళ్లే దారిలో ఉంది. 1830 నాటి కేంద్ర కారాగారం ఉన్నది ఇక్కడే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరూ వేలూరూ ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. అందువల్ల ఇప్పటికీ ఈ చుట్టుపక్కల చాలా ఇళ్లలో మాట్లాడుకునేది తెలుగే. కరెంటు సంగతికి వచ్చేసరికి మాత్రం తెలుగిళ్లలో కూడా 'ఈబీ' (ఎలక్ట్రిసిటీ బోర్డు) అనే మాటే వాడతారు. 2010లో విద్యుత్ బోర్డును విడదీసి టాంజెడ్కో ఏర్పాటు చేశారు. 2024లో దాన్నీ విడదీశాక ఇంటింటికీ కరెంటిచ్చే సంస్థ టీఎన్‌పీడీసీఎల్ అయింది. పేర్లు ఎన్ని మారినా జనం నోట ఈబీయే నిలిచింది.

సోలార్ పెట్టించాలనుకునేవారు సాధారణంగా ముందు మిద్దె కొలుస్తారు, లేదా ఎదురింటివారు ఎన్ని ప్యానెళ్లు పెట్టించారో అడుగుతారు. నిజానికి మొదట తీసి చూడాల్సింది కరెంటు బిల్లులు. ప్యానెల్ ఇచ్చే యూనిట్ ఎక్కడైనా ఒకటే. అది బిల్లులో ఏ ధర యూనిట్‌ను తప్పిస్తుందన్నదాన్ని బట్టి దాని విలువ 11 రూపాయలు కావచ్చు, 2 రూపాయలు కావచ్చు, సున్నా కూడా కావచ్చు. తమిళనాడులో ఈ తేడా మిగతా చాలా చోట్లకంటే పెద్దది.

వేలూరు ఎండ ఎంత ఇస్తుంది

వేలూరు సుమారు 12.9 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ప్యానెళ్లను దక్షిణ ముఖంగా, 10 నుంచి 13 డిగ్రీల వాలుతో పెడితే ఏడాది మొత్తం మీద మంచి ఫలితం వస్తుంది. ఏప్రిల్ చివరి వారంలోనూ, ఆగస్టు మధ్య తర్వాతా మధ్యాహ్నపు సూర్యుడు ఇక్కడ సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ రెండింటి మధ్య కాలంలో కాస్త ఉత్తరానికి ఒరిగి ఉంటాడు. కాబట్టి తూర్పు పడమర ముఖాల మిద్దెలున్నవారు నిరాశ పడనక్కరలేదు. ఇంత తక్కువ అక్షాంశంలో, వాలు తక్కువగా ఉంచితే దిక్కు మారినంత మాత్రాన వచ్చే నష్టం కొద్దిపాటిదే. నీడ వల్ల వచ్చే నష్టం మాత్రం పెద్దది. వాటర్ ట్యాంకు, మెట్ల గది, పక్కింటి రెండో అంతస్తు, కొబ్బరిచెట్టు... వీటి నీడ ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఎక్కడెక్కడ పడుతుందో డిసెంబరు నెలలో ఒకరోజు మిద్దెక్కి చూడాలి. ఆ నెలలో నీడలు అన్నిటికంటే పొడవు.

ఒక కిలోవాట్ ప్యానెళ్లు ఈ ప్రాంతంలో రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తాయి. అంటే నెలకు సుమారు 120, ఏడాదికి 1,400 నుంచి 1,500 యూనిట్లు. ఇది ఏడాది సగటు. ఈశాన్య రుతుపవనాల మబ్బు పట్టే అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో తక్కువ, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఎక్కువ.

వేలూరు తమిళనాడులో బాగా మండే ఊళ్లలో ఒకటి. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయని తెలుగువారంటే, దానికి కాస్త ముందు మే నెలలో వచ్చే మండుటెండల రోజులను ఇక్కడివారు అగ్నినక్షత్రం అంటారు. పాదరసం 40 డిగ్రీలు దాటే ఆ రోజుల్లో ప్యానెల్ విరగకాస్తుందని అనుకోవడం సహజం. అది పొరపాటు. ప్యానెల్‌కు కావలసింది వెలుగు, వేడి కాదు. కంపెనీ రాసే వాటేజీ 25 డిగ్రీల సెల్ ఉష్ణోగ్రత దగ్గర కొలిచింది. ఆపైన ఒక్కో డిగ్రీకి సుమారు 0.3 నుంచి 0.4 శాతం ఉత్పత్తి తగ్గుతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం సెల్ వేడి 65 డిగ్రీలకు చేరితే 12 నుంచి 16 శాతం దాకా పోతుంది. ప్యానెల్ కింద గాలి ఆడేలా కనీసం అడుగు ఎత్తైనా వదలమనడం అందుకే. రేకుల కప్పుకు అతికించినట్టు బిగిస్తే వేడి బయటికి పోదు. వేడికి తక్కువ నష్టపోయే టాప్‌కాన్ రకం ప్యానెల్‌కు కాస్త ఎక్కువ ధర పెట్టడం కొడైకెనాల్‌లోకంటే వేలూరులో అర్థవంతమైన ఖర్చు.

రెండు నెలల బిల్లులోని మెట్లు

తమిళనాడులో ఇళ్లకు రెండు నెలలకొకసారి బిల్లు వస్తుంది. 2016 మే నుంచి ప్రతి ఇంటికీ రెండు నెలలకు మొదటి 100 యూనిట్లు ఉచితం. 2024 జూలైలో అమలైన సవరణ ప్రకారం, ప్రభుత్వ రాయితీ పోగా వినియోగదారు కట్టేది ఇలా ఉంటుంది. మొత్తం వాడకం 500 యూనిట్ల లోపైతే 101 నుంచి 200 దాకా యూనిట్‌కు రూ. 2.35, 400 దాకా రూ. 4.70, 500 దాకా రూ. 6.30. వాడకం 500 దాటిందంటే ఆ రూ. 2.35 మెట్టు మాయమై, 101 నుంచి 400 దాకా అన్నిటికీ రూ. 4.70 పడుతుంది. 501 నుంచి 600 దాకా రూ. 8.40, 800 దాకా రూ. 9.45, 1,000 దాకా రూ. 10.50, ఆపైన రూ. 11.55.

500 యూనిట్లకు బిల్లు రూ. 1,805. పది యూనిట్లు ఎక్కువై 510 అయితే రూ. 2,124. ఆ పది యూనిట్ల ధర 319 రూపాయలు! ఏసీ పెట్టుకున్న ఇల్లు మే, జూన్ బిల్లులో ఈ గీతను దాటి, మళ్లీ డిసెంబరులో దానికి లోపల ఉంటుంది. కాబట్టి ఒక్క బిల్లు చూసి కిలోవాట్లు తేల్చుకోవడం తప్పు. ఏడాదిలో వచ్చే ఆరు బిల్లులనూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

నెట్ మీటరు పద్ధతిలో ఇంటికి వచ్చిన యూనిట్లలోంచి ఇల్లు పంపిన యూనిట్లను తీసేసి, మిగిలినదానికి బిల్లు వేస్తారు. ఇళ్లకు ఈ పద్ధతిని రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి 2021 అక్టోబరు ఉత్తర్వు ఖాయం చేసింది. ఈ తీసివేత బిల్లు పైమెట్టు నుంచి మొదలవుతుంది. సోలార్ నుంచి వచ్చిన మొదటి యూనిట్ తొమ్మిదో పదో రూపాయల యూనిట్‌ను తప్పిస్తుంది. చివరి యూనిట్ ఎలాగూ ఉచితంగా వచ్చే యూనిట్‌ను తప్పిస్తుంది. అంటే ఆ చివరిదానితో పైసా మిగలదు. 'బిల్లు సున్నా' అన్న మాట వినసొంపుగా ఉంటుంది గానీ, తమిళనాడులో సున్నాను వెంటాడటం డబ్బు దండగ. 100 నుంచి 200 యూనిట్ల వాడకం మిగిలేలా పరిమాణం తేల్చుకోవడమే ఇక్కడ తెలివైన పని.

ధర, రాయితీ

కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి సూర్యఘర్ ముఫ్త్ బిజిలీ యోజన మొదలుపెట్టింది. కోటి ఇళ్లు లక్ష్యం, రూ. 75,021 కోట్లు కేటాయింపు. రాయితీ మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు రూ. 30,000, మూడోదానికి రూ. 18,000. మూడు కిలోవాట్లకు మొత్తం రూ. 78,000. అక్కడితో ఆఖరు. పది కిలోవాట్లు పెట్టించినా అంతకు మించి రాదు. ప్రభుత్వం ఈ రాయితీకి ప్రాతిపదికగా తీసుకున్న ధర మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు రూ. 50,000, ఆపైన రూ. 45,000. రాయితీ కావాలంటే ప్యానెల్ లోపలి సెల్ కూడా దేశంలోనే తయారై ఉండాలి. అలాంటి ప్యానెళ్లను వ్యాపారులు 'డీసీఆర్' అంటారు. వాటి ధర దిగుమతి సెల్ వాడినవాటికంటే ఎక్కువ. రాయితీ లెక్కకూ బజారు ధరకూ మధ్య కనిపించే దూరానికి ఇదొక పెద్ద కారణం. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ సామగ్రి మీద జీఎస్‌టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. కొటేషన్ ఆ తేదీకి ముందుదా తర్వాతదా అన్నది కూడా చూడాలి.

రాయితీ ముందుగా రాదు. మొత్తం డబ్బు కట్టి, పని పూర్తయి, నెట్ మీటరు బిగించాక బ్యాంకు ఖాతాలో పడుతుంది. చేతిలో అంత డబ్బు లేనివారికి బ్యాంకులు మూడు కిలోవాట్ల దాకా తక్కువ వడ్డీకి అప్పు ఇస్తున్నాయి.

ఇక లెక్క కోసం ఒక కిలోవాట్‌కు రూ. 70,000, రెండింటికి రూ. 1,30,000, మూడింటికి రూ. 1,90,000 అనుకుందాం. రాయితీ పోను చేతి నుంచి పడేది వరసగా రూ. 40,000, రూ. 70,000, రూ. 1,12,000. చట్రం ఎత్తు, తీగ పొడవు, ప్యానెల్ రకాన్ని బట్టి ఇది అటూ ఇటూ అవుతుంది. మీటరు, నెట్‌వర్క్ రుసుముల వంటివి ఇందులో కలపలేదు.

నాలుగు ఇళ్ల లెక్క

తొరపాడిలో రెండు పడకగదులు, ఒక ఏసీ, ఫ్రిజ్, నీళ్ల మోటారు ఉన్న ఇల్లు అనుకుందాం. రెండు నెలలకు 700 యూనిట్లు, బిల్లు రూ. 3,825. ఒక కిలోవాట్ పెట్టిస్తే 240 యూనిట్లు తగ్గి 460 మిగులుతాయి, బిల్లు రూ. 1,553 అవుతుంది. అంటే ఏడాదికి రూ. 13,632 ఆదా. పెట్టిన 40 వేలు మూడేళ్ల లోపే తిరిగి వస్తాయి. రెండో కిలోవాట్ పెట్టిస్తే మిగిలేవి 220 యూనిట్లు, బిల్లు రూ. 329. ఈ రెండో కిలోవాట్ విడిగా ఏడాదికి రూ. 7,344 మిగులుస్తుంది. దానికోసం అదనంగా పెట్టిన 30 వేలు నాలుగేళ్లలో తిరిగి వస్తాయి. ఇదీ బాగానే ఉంది. మూడో కిలోవాట్ పెట్టిస్తే బిల్లు సున్నా అవుతుంది. అయితే అది తప్పించింది రెండు నెలలకు ఆ 329 రూపాయలనే. ఏడాదికి రూ. 1,974. దానికోసం పెట్టిన 42 వేలు తిరిగి రావడానికి 21 ఏళ్లు పడుతుంది. ఈలోగా ఇన్వర్టర్ ఒకసారైనా మార్చాలి. 'ఎలాగూ 78 వేల రాయితీ వస్తోంది కదా, మూడు పెట్టించేయండి' అని చెప్పే మాట ఈ ఇంటికి చెల్లదు. రాబోయే రెండేళ్లలో ఎలక్ట్రిక్ స్కూటరో రెండో ఏసీయో కొంటారన్న నమ్మకం ఉంటే అది వేరే సంగతి.

రెండు ఏసీలు, పై అంతస్తు, రెండు నెలలకు 1,200 యూనిట్లు ఉన్న ఇంటి కథ పూర్తిగా వేరు. బిల్లు రూ. 9,180. మూడు కిలోవాట్లు 720 యూనిట్లు తీసేస్తే 480 మిగులుతాయి. వాడకం 500 గీత లోపలికి దిగుతుంది కాబట్టి రూ. 2.35 మెట్టు కూడా తిరిగి దక్కుతుంది. బిల్లు రూ. 1,679. ఏడాదికి 45 వేల రూపాయల ఆదా. పెట్టిన లక్షా పన్నెండు వేలు రెండున్నరేళ్లలో వచ్చేస్తాయి. ఇంత లాభం ఇచ్చే పెట్టుబడి మధ్యతరగతి ఇంటికి మరొకటి దొరకడం కష్టం. ఇలాంటి ఇల్లు ఇంకా ఆలోచిస్తూ కూర్చోవడం నాకు బాధ కలిగిస్తుంది.

450 యూనిట్ల ఇంట్లో బిల్లు రూ. 1,490. ఒక కిలోవాట్‌తో రూ. 282కు దిగుతుంది. ఐదున్నరేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుంది. ఇక్కడ ఒక కిలోవాటే సరిపోతుంది, రెండోది అనవసరం. చిన్న పని అంటే వ్యాపారులు అంతగా మొగ్గు చూపరు, కిలోవాట్ ధర కూడా కాస్త ఎక్కువే చెబుతారు. అయినా గట్టిగా అడగాలి. 280 యూనిట్ల ఇంటికి బిల్లే రూ. 611. ఒక కిలోవాట్ దాన్ని పూర్తిగా తుడిచేసినా ఖర్చు తిరిగి రావడానికి పదకొండేళ్లు.

ఆ చిన్న ఇంటికి సోలార్‌కంటే ముందు ఫ్యాన్లు చూడమని చెప్పాలి. మామూలు ఫ్యాన్ సుమారు 75 వాట్లు తింటుంది, బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల దగ్గర ఆగుతుంది. నాలుగు ఫ్యాన్లు రోజుకు 12 గంటలు తిరిగే ఇంట్లో ఈ మార్పుతోనే రెండు నెలలకు 130 యూనిట్లు తగ్గుతాయి. ఇది అర కిలోవాట్ ప్యానెళ్లు ఇచ్చేదానికి సమానం, ఖర్చు అందులో సగం కూడా ఉండదు. పెద్ద ఇంటికైనా ముందు ఫ్యాన్లు మార్చి, తర్వాత మిగిలిన వాడకాన్ని బట్టి కిలోవాట్లు లెక్కేయడమే వరస.

గుడియాత్తం మగ్గాలు

గుడియాత్తం లుంగీలకు, అగ్గిపెట్టెలకు పేరున్న ఊరు. మగ్గం ఉన్న ఇంటికి కరెంటు లెక్క వేరుగా ఉంటుంది. తమిళనాడు ప్రభుత్వం 2023లో చేనేత కార్మికులకు రెండు నెలలకిచ్చే ఉచిత కరెంటును 200 నుంచి 300 యూనిట్లకు, మరమగ్గాలకు 750 నుంచి 1,000 యూనిట్లకు పెంచింది. ఉచిత యూనిట్ల స్థానంలో సోలార్ యూనిట్ పెడితే ఆ ఇంటికి మిగిలేది ఏమీ లేదు. చేనేత ఇల్లు 300 దాటి ఎంత వాడుతోంది, మరమగ్గాల షెడ్డు 1,000 దాటి ఎంత వాడుతోంది అన్నదే ఇక్కడ చూడాల్సిన అంకె. పెద్ద షెడ్డులో మగ్గాలు పగటిపూట నడుస్తుంటే ప్యానెల్ కరెంటు పుట్టిన చోటే ఖర్చయిపోతుంది, అది మంచి జోడీ. ఒక్క మగ్గంతో బతికే ఇంటి గడపలోకి వెళ్లి అప్పు మీద సోలార్ అంటగట్టడం మాత్రం అన్యాయం.

ఇదే జాగ్రత్త వాటాల ఇళ్లకూ వర్తిస్తుంది. వేలూరులో ఒకే ప్రాంగణంలో మూడు నాలుగు వాటాలు, ఒక్కోదానికి ఒక్కో సర్వీసు, ఒక్కో సర్వీసుకు తన 100 ఉచిత యూనిట్లు ఉండటం మామూలే. ప్యానెళ్లు ఒక సర్వీసుకే కలుస్తాయి. అన్నిటికంటే ఎక్కువ వాడే సర్వీసును ఎంచుకోవాలి. అద్దెకున్నవారి బిల్లు తగ్గించడానికి ఇంటి ఓనరు డబ్బు పెట్టడు, వేరొకరి మిద్దె మీద అద్దెకున్నవారూ పెట్టరు. పట్టణాల్లో రూఫ్‌టాప్ సోలార్ నెమ్మదిగా నడవడానికి ఈ చిక్కుముడి కూడా ఒక కారణం.

మిద్దె సంగతి

540 వాట్ల ప్యానెల్ ఒకటి సుమారు 2.28 మీటర్ల పొడవు, 1.13 మీటర్ల వెడల్పు, 28 కిలోల బరువు ఉంటుంది. మూడు కిలోవాట్లకు ఆరు సరిపోతాయి. ప్యానెళ్ల వరకైతే 170 చదరపు అడుగులు చాలు. నడవడానికి, కడగడానికి దారి, నీడ తప్పించడానికి ఎడం కలుపుకుంటే 250 నుంచి 300 అడుగులు అవసరమవుతాయి.

మిద్దె అంటే వడియాలు, బట్టలు ఆరేసుకునే చోటు, మండువేసవిలో చాప పరుచుకుని పడుకునే చోటు కూడా. దాన్ని పోగొట్టుకోవడానికి ఇంట్లో ఆడవాళ్లు ఒప్పుకోకపోతే, వాళ్ల మాటలో పూర్తి న్యాయం ఉంది. ఏడెనిమిది అడుగుల ఎత్తు చట్రం మీద ప్యానెళ్లు పెడితే కింద నీడపట్టున తిరగవచ్చు, పై అంతస్తు గదులు కూడా కాస్త చల్లబడతాయి. దానికి ఇనుము ఎక్కువ పడుతుంది, గాలి తాకిడీ ఎక్కువ. ప్యానెల్ బరువు చదరపు మీటరుకు పదకొండు పన్నెండు కిలోలే. కాంక్రీటు మిద్దెకు అది లెక్కలోది కాదు. అసలు భయం తుపాను గాలి ప్యానెల్‌ను కింద నుంచి పైకి ఎత్తడం. అందుకని కాళ్లు కాంక్రీటు దిమ్మెల్లోనో, పైకప్పులో దించిన బోల్టుల్లోనో గట్టిగా ఉండాలి. బోల్టు దించిన ప్రతిచోటా నీరు కారకుండా పూత పూయించాలి. దూలాల మీద ఇటుక పరిచి కట్టిన పాత మద్రాసు మిద్దెలు, పెంకుటిళ్లు అయితే ఇంజనీరుకు చూపించకుండా ముట్టుకోకూడదు.

బ్యాటరీ కావాలా

2008 నుంచి 2013 దాకా తమిళనాడు కరెంటు కోతలతో నలిగింది. 2012లో చెన్నై బయటి జిల్లాల్లో రోజుకు పది గంటలకు మించి కోత పడిన రోజులున్నాయి. బ్యాటరీ ఇన్వర్టర్లు వేలూరు ఇళ్లలోకి వచ్చి స్థిరపడింది ఆ కాలంలోనే. ఆ జ్ఞాపకం వల్ల సోలార్ పెట్టించుకుంటే కరెంటు పోయినప్పుడు కూడా ఇంట్లో వెలుగు ఉంటుందని చాలామంది అనుకుంటారు. బ్యాటరీ లేని, లైన్‌కు కలిపిన సోలార్ ఇన్వర్టర్ వీధిలో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. స్తంభం ఎక్కి పనిచేసే లైన్‌మన్ ప్రాణం కాపాడటానికి పెట్టిన నియమం అది. మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా ఫ్యాన్ తిరగదు. ఈ మాట డబ్బు కట్టకముందే కొనేవారికి చెప్పి తీరాలి.

కోతకు కూడా కావాలంటే బ్యాటరీతో కలిపిన హైబ్రిడ్ ఇన్వర్టర్ తీసుకోవాలి. బ్యాటరీ ఖర్చుకు కేంద్ర రాయితీ వర్తించదు. 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలో పేరుకు 1.8 యూనిట్లు ఉంటాయి. దాని ఆయుష్షు దెబ్బతినకుండా వాడుకోగలిగింది అందులో సగం. అయిదారేళ్లకు మార్చాలి, మధ్యలో డిస్టిల్డ్ వాటర్ పోస్తుండాలి. లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ ధర ఎక్కువ, కానీ 80, 90 శాతం దాకా వాడుకోవచ్చు, ఏళ్లూ ఎక్కువ వస్తుంది. ఇప్పుడు కోతలు అరుదైన తొరపాడిలో మామూలు ఇంటికి నా సలహా ఒకటే. పాత ఇన్వర్టర్, బ్యాటరీ ఉంటే వాటిని అలాగే నాలుగు ఫ్యాన్లకూ దీపాలకూ ఉంచుకుని, సోలార్‌ను బ్యాటరీ లేకుండా లైన్‌కు కలపడం. ఇంట్లో ఆక్సిజన్ యంత్రం మీద ఉన్న రోగి ఉంటే మాత్రం హైబ్రిడ్‌కు పెట్టిన డబ్బును తిరిగొచ్చే ఏళ్లతో కొలవకూడదు.

సరిహద్దుకు అటూ ఇటూ

1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాల తొలి పనికొచ్చే సిలికాన్ సెల్‌ను చూపించింది. అది సామాన్యుడి మిద్దెక్కడానికి అరవై ఏళ్లు పట్టింది. అంతర్జాతీయ పునరుత్పాదక ఇంధన సంస్థ లెక్క ప్రకారం 2010, 2020 మధ్య పెద్ద సోలార్ కేంద్రాల్లో యూనిట్ ఉత్పత్తి ఖర్చు 85 శాతం పడిపోయింది. తమిళనాడు 2011లోనే 300 చదరపు అడుగుల పేదల ఇళ్లకు ఐదేసి సౌర దీపాలు పెట్టే హరిత గృహ పథకం తెచ్చింది. 2012లో తొలి సౌర విధానం, 2019లో 9,000 మెగావాట్ల లక్ష్యంతో రెండో విధానం ప్రకటించింది. ఆ 9,000లో 40 శాతం వినియోగదారుల సొంత ఏర్పాట్ల నుంచి రావాలన్నది ఉద్దేశం.

సరిహద్దు దాటి చిత్తూరు వెళితే అదే ప్యానెల్, అదే ఎండ, లెక్క వేరు. ఆంధ్రప్రదేశ్‌లో బిల్లు నెలనెలా వస్తుంది, అందరికీ ఉచిత మెట్టు లేదు. 2022 నుంచి 30 యూనిట్ల దాకా రూ. 1.90, 75 దాకా రూ. 3, 125 దాకా రూ. 4.50, 225 దాకా రూ. 6, 400 దాకా రూ. 8.75, ఆపైన రూ. 9.75. నెలకు 200 యూనిట్లు వాడే చిత్తూరు ఇంటికి ఇతర చార్జీలు కాక రెండు నెలలకు రూ. 1,734 అయితే, అంతే వాడే వేలూరు ఇంటికి రూ. 1,175. ఒక కిలోవాట్ చిత్తూరులో రెండు నెలలకు రూ. 1,305 మిగిలిస్తే వేలూరులో రూ. 1,034 మిగులుస్తుంది. మధ్యరకం వాడకానికి సోలార్ అటువైపే ఎక్కువ లాభం. చిత్తూరులో ఉన్న బంధువులు పెట్టించుకున్న పరిమాణాన్ని తొరపాడిలో అలాగే దించుకోకూడదన్నది దీన్నిబట్టి తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్ ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు రెండు కిలోవాట్ల దాకా ఉచితంగా, బీసీలకు కేంద్రం ఇచ్చేది కాక రూ. 20,000 అదనంగా ఇస్తోంది. కుప్పం దగ్గరి నడిమూరులో 2025 జనవరిలో ఇంటింటికీ సోలార్ మొదలైంది. తెలంగాణలో నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లి అదే ఏడాది పూర్తి సౌర గ్రామమైంది.

కొటేషన్ చదవడం, తర్వాతి పనులు

రెండు కొటేషన్లను పోల్చేటప్పుడు కింద రాసిన మొత్తం చూస్తే చాలదు. 'మూడు కిలోవాట్లు' అన్నది ప్యానెళ్లదా, ఇన్వర్టర్‌దా అని అడగాలి. ప్యానెల్ తయారీ సంస్థ, మోడల్, వాటేజీ, డీసీఆర్ అవునో కాదో కాగితం మీద ఉండాలి. ప్యానెళ్లకు ఉత్పత్తి హామీ సాధారణంగా 25 ఏళ్లు లేదా ఎక్కువే. ఇన్వర్టర్‌కు అయిదు నుంచి పదేళ్లు. మొదట పాడయ్యేది అదే కాబట్టి పదేళ్ల హామీకి కొంచెం ఎక్కువ పెట్టినా నష్టం లేదు. జింకు పూత ఇనుము మందం, ఎర్తింగ్ గుంతలు, పిడుగు నుంచి కాపాడే కడ్డీ, తీగ రాగిదా అల్యూమినియందా అన్నవి తక్కువ ధర కొటేషన్లలో మొదట మాయమయ్యే వస్తువులు. పథకంలో నమోదైన సంస్థ అయిదేళ్లు సర్వీసు చెయ్యాలన్నది షరతు. ఇంటి సర్వీసుకు మంజూరైన లోడు ఎంతో కూడా ముందే చూసుకోవాలి. పాత ఇళ్లకు అది ఒకటి రెండు కిలోవాట్లే ఉంటుంది. 2024 ఫిబ్రవరిలో కేంద్రం సవరించిన నిబంధనల ప్రకారం పది కిలోవాట్ల దాకా దరఖాస్తుకు సాంకేతిక పరిశీలన అవసరం లేకుండా అనుమతి వచ్చినట్టే భావించాలి. అవసరమైన లోడు పెంపు కూడా పంపిణీ సంస్థే చెయ్యాలి.

బిగించాక ఇంటివారి పని కడగడమే. వేలూరులో వానలు లేని నెలల్లో దుమ్ము దట్టంగా పేరుకుంటుంది. పది పదిహేను రోజులకొకసారి, అద్దం చల్లగా ఉన్న తెల్లవారుజామునే, మెత్తటి గుడ్డతో తుడవాలి. కాలుతున్న అద్దం మీద చన్నీళ్లు పోస్తే పగిలే ప్రమాదం ఉంది. ఈ ప్రాంతపు బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. అవి ఆరితే తెల్లటి మరకలు అద్దానికి పట్టుకుని వెలుగును ఆపుతాయి. కాబట్టి కడిగిన వెంటనే నీళ్లు లాగేసి పొడిగుడ్డతో తుడవాలి, లేదా వాన నీళ్లు పట్టి ఉంచుకుని వాటితో కడగాలి. ప్రతి రెండు నెలల బిల్లు రోజున ఇన్వర్టర్ చూపించే మొత్తం యూనిట్లను ఒక నోటుపుస్తకంలో రాసుకుంటే, కిలోవాట్‌కు 240 దగ్గర ఉండాల్సిన అంకె ఏ వేసవిలోనైనా 180కి జారినప్పుడు, అది దుమ్మా, కొత్తగా పెరిగిన పక్కింటి గోడ నీడా, వదులైన తీగా అని ఆ వారంలోనే మిద్దెక్కి చూసుకోవచ్చు.